మూర తక్కువ తాడు

జువ్విబావి దగ్గరికి మనూళ్ళో గొడ్డు కూడా పోదు, చూశారు గదా? అక్కడ దెయ్యముందని చెప్పి మిమ్మల్ని పెంచారు. ఉంది, నేను కాదనను. కానీ దాన్ని అక్కడ పెట్టిందెవరో ఒక్కడూ చెప్పడు. కూచోండి, నేను చెప్తా.

తెల్లదొరల కాలమది, గాలిమోటార్లను కర్రతో, గుడ్డతో చేసి ఎగరేస్తున్న రోజులు. ఆ ఏడు ఊళ్ళో గత్తర పడింది, వాంతులు, విరేచనాలు, ఇంటికో పాడె. పెద్దలు అమ్మవారి పేర పొలిమేర చుట్టూ పొలి అన్నం చల్లి ఊరు కట్టారు. కడితే ఇక మూడు రోజులు పొలిమేర దాటి ఒకడు పోకూడదు, ఒకడు రాకూడదు. తూర్పు పొలిమేర రాయి దగ్గర కర్ర పట్టుకొని కావలి నిలబడింది కురవ బీరప్ప. ఇంట్లో ఏడేళ్ళ కూతురు గత్తరతో పడుంది. అతని కళ్ళు రాయి మీద, ప్రాణం ఆ పిల్ల మీద.

మొదటి రోజు మధ్యాహ్నం ఆకాశంలో ఏదో దగ్గుకుంటూ వచ్చి, జువ్విబావి పక్క ఎండిన వాగువంకలో కూలింది. బావి పొలిమేరకు అవతల, కూతవేటు దూరం. కాసేపటికి ఒక దొర కాలీడ్చుకుంటూ పాకి బావిగట్టుకు చేరి "పానీ, పానీ" అని అరిచాడు. పానీ అంటే సంతకు పోయినోడికి తెలీదా? బీరప్ప కాలు లేచింది. వెనకనుంచి ఊరిపెద్ద రెడ్డి కేకేశాడు, ఏమిరా బీరప్పా, గీత దాటి నీ కూతుర్ని నీ చేత్తోనే గుంతలో పెడతావా అని. లేచిన కాలు అక్కడే దిగింది.

రెండో రోజు పడమటి రాయి దగ్గరికి గుర్రాల మీద వెతికేవాళ్ళొచ్చారు, దొర తమ్ముడూ, వెంట దుబాసీ. గాలిమోటారు చూశారా అని అడిగారు. చూశామంటే? బావికి దారి ఊళ్ళోంచే, కట్టు తెగుతుంది. రెడ్డి కావలివాణ్ణి పిలిపించి చెప్పమన్నాడు. బీరప్ప చెయ్యెత్తి, పడమటి కొండల్లోకి పోయింది దొరా, అన్నాడు. ఆ తమ్ముడు అదే చెయ్యి రెండు చేతులా పట్టుకొని, నీ బిడ్డలు చల్లగుండాలి అని దుబాసీ చేత చెప్పించి, గుర్రమెక్కి పోయాడు.

మూడో రోజు పిల్ల లేచి గంజి తాగింది. అమ్మవారి దయన్నారు. ఏమో! గత్తర తగిలినోళ్ళంతా చస్తారా ఏం?

నాలుగో రోజు కట్టు విప్పగానే బీరప్ప నీళ్ళకుండతో పరుగెత్తాడు. దొర బావిగట్టు మీద బోర్లా పడున్నాడు, ఒళ్ళింకా చల్లబడలేదు. చచ్చేముందు గాలిమోటారు తీగలు పీకి, ముడేసి, చివర తన తోలుటోపీ కట్టి బావిలోకి వదిలున్నాడు. టోపీ నీళ్ళకు మూరెడు పైన వేలాడుతోంది, పొడిగా.

సర్కారు భయంతో మనవాళ్ళు శవాన్ని వంకలో పూడ్చి, గాలిమోటారును విరగ్గొట్టి బావిలో తోశారు. ఏడాదికి ఆ తమ్ముడు మళ్ళీ వచ్చాడు, ఎముకలైనా చాలన్నాడు. ఈసారి నిజం చెప్పాలనే బీరప్ప ఎదురుపోయాడు. చెప్తే, మీ అన్న మూడు రోజులు అరిచాడు, విన్నాను అని కూడా చెప్పాలి గదా? చెయ్యి పడమరకే లేచింది.

ఆ రోజు నుంచి బావిలోంచి టోపీ రాతికి కొట్టుకుంటున్న చప్పుడు. బీరప్ప తాడు పేని, చెంబు కట్టి వదిలాడు. నీళ్ళకు మూరెడు తక్కువైంది. ఇంకో బారెడు పేనాడు, మళ్ళీ మూరెడే తక్కువ. పొద్దున పేనడం, సాయంత్రం వదలడం, అలా పందొమ్మిదేళ్ళు. చివరికి గట్టు మీదే బోర్లా పడి ప్రాణం వదిలాడు. పక్కన తోలుటోపీ ఉంది, నిండా నీళ్ళతో. చుక్క తాగలేదు.

మొన్న జీపులో వచ్చినోళ్ళు, పాత గాలిమోటార్లు వెతుకుతున్నామని అడిగితే, మీలో ఎవడు చెప్పాడురా నిజం? నేనూ చెప్పలా. ఆనాడు గంజి తాగిన పిల్ల మా అమ్మ. నా చెయ్యీ పడమరకే లేచింది.

కాబట్టి అటు పోకండి. పోయినా తాడు మాత్రం తీసుకుపోవద్దు, అది సరిపోదు.