బోటు ముక్కున కూర్చోబెట్టిన మెకానిక్కు

నిన్న పొద్దున నా నెత్తి తాకి కళ్ళకద్దుకున్నోళ్ళే గదా మామా, ఇయ్యాల ఈ పెంచలకృష్ణ ఏ బోటూ ఎక్కకూడదని ఊరి కట్టుబాటు చేసి దురాయి పెట్టింది? ఒక్క రోజులో అంత చెడిపోయినానా నేను?

కూర్చో మాలకొండయ్య మామా. నువ్వు నిలబడితే నేను మెడ ఎత్తాల, నువ్వు నడుము వంచాల. ఇద్దరికీ కష్టం. ఆ మంచం మీద కూర్చో. ఊరికి పెద్దకాపువి, కబురు మోసుకొచ్చినావు. జవాబు గూడా మోసుకుపోవాల గదా.

ఏందీ? హజరత్తయ్య కొత్త బోటు నా పాదం పడబట్టే ఆగిపోయిందా? మూడున్నర అడుగులోణ్ణి ముందర కూర్చోబెడితే అరిష్టమంటనా? మరి నిన్న అదృష్టమని చెప్పిందెవురు? ఆ నోరే గదా ఈ నోరూ.

పద్నాలుగేళ్ళుగా ఈ జువ్వలదిన్నె రేవులో ఇంజన్లు బాగుచేస్తా ఉండా. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు వానలో తడస్తా నీ బోటుకు పిస్టన్ మార్చింది ఎవురు? అప్పుడు నా పాదం బాగనే ఉండిందే.

పొట్టోడు గదా, ఇంజను గదిలో సులువుగా దూరతాడు, అందుకే ఆ పని వచ్చిందని నవ్వుతారు. దూరేదానికి పిల్లి గూడా దూరద్ది మామా. వాల్వు సెట్టింగు చేస్తదా?

నీకు ఈ సంగతి తెలీదులే. నాకు మీసాలొచ్చిన కొత్తల్లో కావలిలో ఒక కల్యాణమండపం ఆయన పని ఇస్తానన్నాడు. రంగుల కోటు, కుచ్చు టోపీ. గేటు కాడ నిలబడి వచ్చినోళ్ళ మీద పన్నీరు చల్లాల. పిల్లకాయలు బుగ్గలు గిల్లినా నవ్వాల, పెద్దోళ్ళు గిల్లినా నవ్వాల. రెండు రోజులు నవ్వినా. మూడో రోజు ఆ కోటు ఆడనే పడేసి కామాక్షయ్య మెకానిక్ షెడ్డుకు పోయినా. ఆయన నన్ను కింద నించి పైదాకా చూడలా. ఆ స్పానర్లు కిరసనాయిలుతో కడుగు అన్నాడు, అంతే. ఆయన చచ్చిపోయినప్పుడు మా నాయన పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చినా.

సరే, ఒకటడుగుతా చెప్పు. కొత్త బోటు దించే రోజు మన రేవులో మర్యాద ఏంది? బోటు చేసిన వడ్రంగికి ఒక పంచె. ఇంజను బిగించిన మెకానిక్కుకు ఒక పంచె. తొలి స్టార్టు ఆ మెకానిక్కు చెయ్యే ఇయ్యాల. అవునా కాదా? హజరత్తయ్య ఇంజన్ని బిగించింది నేను. ఇరవై రోజులు ఆ గ్రీసులో పడి పొర్లినా.

ఆయన ఇంటికొచ్చి మరీ పిలిచినాడు. నువ్వు లేకుండా బోటు నీళ్ళలో పెట్టను కృష్ణా అన్నాడు. మా ఉషారాణి ఎంత పొంగిపోయిందనుకున్నావు! పెళ్ళినాటి పట్టుచీర కట్టుకునింది. నేను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నా. పిచ్చోణ్ణి.

పోతే ఏం చేసినారు మామా? హజరత్తయ్య అల్లుడు గణేష్ ఎనక నించి వచ్చి, చంకల కింద చేతులేసి ఎత్తేసినాడు. నలభై ఏళ్ళ మనిషిని, చంటిబిడ్డను ఎత్తినట్టు. నన్నొక మాట అడగలా. బోటు ముక్కున కూర్చోబెట్టి మెడలో బంతిపూల మాల ఏసినారు. ఆడోళ్ళు బిడ్డల్ని తెచ్చి నా తల తాకిస్తా ఉండారు. ఒకాయన సెల్లు పట్టుకుని నవ్వమంటాడు. ఇంకొకాయన డాన్సు కట్టమంటాడు.

ఉషారాణి ఆ గుంపులోనే ఉండాది. మొకం పక్కకు తిప్పుకునింది. మిగతాదంతా మింగేసినా గానీ అది మింగలేకపోయినా.

నువ్వూ ఆడనే ఉండావు గదా. వద్దురా అని ఒక్క మాటన్నా అన్నావా? ఇప్పుడు తల దించుకుంటే ఏం లాభం.

ఇంజను కాడికి పోవాలన్నా, కిందకి దింపన్నా అని నేనే అడిగినా. హజరత్తయ్య నవ్వినాడు. 'నువ్వు ఆడ కూర్చుంటే చాలు కృష్ణా, స్టార్టు మా గణేష్ ఇస్తాడులే' అన్నాడు. నాకియ్యాల్సిన పంచె గణేష్ భుజానేసినారు. కావలిలో బైకులమ్మే పిలగాడు వాడు. బోటు ఇంజను గురించి వాడికేం తెల్సు?

తర్వాత సంగతి ఊరంతా చూసింది. రాళ్ళ కట్ట దాటి పోయినామో లేదో, పొగ లేచింది, ఇంజను బిగుసుకుని పట్టేసింది. ఇంకో బోటుకు తాడు కట్టి ఈడ్చుకొచ్చినారు. నా మెడలో మాల నన్నే తీసి పారెయ్యమన్నారు. ఇంజను ఏమైందిరా అని నన్నొక్కరన్నా అడిగినారా? బిగించినోణ్ణి, వాళ్ళ కళ్ళ ముందరే ఉండా. పోయి పూజారిని అడిగినారు.

ఇప్పుడేమో రెండు నెలలు రేవుకు రాకుండా, గుడిలో శాంతి చేయించుకుంటే దోషం పోద్దంటావు. మళ్ళా పనిలోకి రానిస్తారంటావు. నా మంచికే చెప్తా ఉండావు, తెల్సు.

అయితే ఇది విను. బోటు అడుగున సముద్రం నీళ్ళు లోపలికి తీసుకునే వాల్వు ఒకటుంటది. ఆ నీళ్ళే ఇంజన్ని చల్లగా ఉంచేది. బోటు దించేటప్పుడు అది మూసి పెట్టాల, స్టార్టు ఇచ్చే ముందర విప్పాల. అందుకే బిగించినోడి చేత తొలి స్టార్టు ఇప్పించేది. పెద్దోళ్ళు ఆ మర్యాద ఊరికే పెట్టలా.

అది మూసుండాదని నాకు తెల్సు. గణేష్ కిందకి దిగతా ఉంటే గుర్తుకొచ్చింది గూడా. ఒక్క కేక ఏస్తే సరిపోయుండేది. నేను ఎయ్యలా. మీరు బొమ్మ మాదిరి కూర్చోమన్నారు, కూర్చున్నా. కాలే వాసన అందరికన్నా ముందర నాకే తెలిసింది. అప్పుడూ చెప్పలా.

అట్టా చూడబాక మామా. బోట్లో ఆరుగురం ఉండాము. గాలి లేచుంటే ఏమయ్యేదో నాకు తెల్సు. అది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉండాది.

ఏంది, ఈ మాట ఎవురికీ చెప్పబాకంటావా? రెండు నెలలు నోరు మూసుకుంటే అన్నీ సర్దుకుంటాయా? అవును, సర్దుకుంటాయి. అరిష్టం పోయిందంటారు. మళ్ళా ఇంకో కొత్త బోటు దించే రోజు, మళ్ళా ఎవుడో ఒకడు వచ్చి చంకల కింద చేతులేస్తాడు.

నువ్వు పోయి చెప్పు. పెంచలకృష్ణ తెలిసే చేసినాడని చెప్పు. కేసు పెడితే పెట్టుకోమను, ఇంజను నా నెత్తినేస్తే ఎయ్యమను, బతికినన్నాళ్ళూ నన్ను రేవులో కాలు పెట్టనీకుండా దురాయి పెట్టమను. నోరు తెరవను. అయితే ఆ దురాయి మెకానిక్కు తప్పు చేసినాడని పెట్టాల. పొట్టోడి పాదమని పెడితే మాత్రం నేను ఒప్పుకోను.