మన్నంటిన చెయ్యి

ఈరప్ప అని ఒకాయన ఉండె మన ఊర్ల. పయిల్వాన్ కాదు, బక్కగ, చేతికర్ర లెక్క ఉంటుండెనంట. గని జాతర కుస్తీలల్ల ఆయన మాటే మాట. ఎందుకంటె ఆయన జోడు కట్టేటాయన. ఇప్పుడంటె మైకుల పేర్లు పిలుస్తుండ్రు, అప్పుడు మైకులేడియి. పొద్దుగాల కొబ్బరికాయ కుస్తితోని మొదలు, గెలిచినోనికి కొబ్బరికాయ, చివరికి పెద్ద కుస్తి, గెలిచినోనికి వెండి కడెం. ఎవడు ఎవనితోని పట్టాల్నో ఈరప్ప చెప్తడు. ఎట్ల చెప్తడు? వచ్చినోని మణికట్టు పట్టుకుంటడు, మీరు బీడికట్ట ఒత్తి చూస్తరు గద, గట్ల ఒత్తుతడు. మెడ మీద చెయ్యేస్తడు. కండ్లు మూసుకుంటడు. ఇగ ఇంకొకన్ని పిలిచి ఇద్దరి చేతులు కలిపి పైకెత్తుతడు. గంతే. ఆయన కట్టిన జోడు ఎన్నడు తప్పలేదంట, ముప్పై ఏండ్లు. ఇద్దరు సరిసమానం ఉంటరు, పొద్దెక్కిందాక పడుతనే ఉంటరు, ఎవడు గెలుస్తడో వాళ్ల తల్లులకు గూడ తెల్వది. నువ్వు ఆకు కత్తిరించుడు ఆపకు లచ్చవ్వ, చెవులతోని విను, చేతులతోని పని చెయ్యి.

ఇగ ఏమైందంటె, ఒకేడు జాతరకు నెల ముందుగాల ఊరికి ఒక కంపిని వచ్చింది. నాటకాల కంపిని కాదు, సర్కసు కంపిని కాదు, కుస్తీల కంపిని. కొత్త కంపిని, పెట్టి ఏడాది గూడ కాలేదంట. నాలుగు బండ్లు, ఆరుగురు పయిల్వాన్లు, యజమాని కిషన్‌రావు. మంజీర ఒడ్డుకు డేరా ఏసిండ్రు. నడుమ గడ్డి మందంగ పరిచి, దాని మీద జంపకాన కప్పి, సుట్టు తాళ్లు కట్టిండ్రు. పొద్దుగూకంగనే డోలు కొడ్తరు, మనిషికింత జొన్నలు తెచ్చి పోసి లోపలికి పోవాలె. లోపల ఏముందయ్య అంటె, వీరమల్లు అని ఒక పోరడు, చూస్తందుకు పెండ్లికొడుకు లెక్క, పసుపుపచ్చ లంగోటి. తాళ్ల మీదికెక్కి అక్కడికెల్లి దుంకుతడు, గాలిల ఒక సుట్టు తిరుగుతడు, అవతలోని రొమ్ము మీద వడ్తడు. అవతలోడు ఎవరంటె సిద్రాములు. నలభై ఏండ్లు దాటినోడు. మొఖానికి నల్ల ముసుగు. వాడు వచ్చుడే తిట్టుకుంట వస్తడు, వీరమల్లు కండ్లల్ల బూడిద కొడ్తడు, వెనుకకెల్లి తంతడు. ఇగ జనం ఊకుంటరా, చెప్పులు ఇసురుతరు. చివరికి వీరమల్లు లేస్తడు, దుంకుతడు, సిద్రాములు వడ్తడు, డోలు మోగుతది. రోజు గిదే. రోజు వీరమల్లే గెలుస్తడు, రోజు సిద్రాములే ఓడుతడు.

ఇగ చూడు మన ఊరు. వారం రోజులల్ల రెండు ముక్కలయింది. ఒకటి ఎగురుడు పార్టీ, ఒకటి మన్ను పార్టీ. మన్ను పార్టోళ్లు ఏమంటరు? అరే, కుస్తి అంటె మన్ను మీద పట్టాలె, రెండు భుజాలు మన్నుకు అంటాలె, వీపు చూస్తె మన్ను కనవడాలె, గప్పుడు ఓడినట్టు. జంపకాన మీద వడ్డోని వీపుకు మన్నెక్కడిది, వాడు ఓడిండని ఎట్ల ఒప్పుకోవాలె? ఎగురుడు పార్టోళ్లు ఊకుంటరా. మీ మన్ను కుస్తి ఏముందిర, రెండు బర్లు తలకాయలు ఆనిచ్చుకొని నిలవడ్డట్టు పొద్దందాక నిలవడ్తరు, చూసేటోనికి నిద్రవస్తది, ఇది చూడు, రెప్ప కొట్టబుద్ధి కాదు. ఇగ ఎగురుడు పార్టీలనే మల్ల లొల్లి. ఒకడంటడు, రోజు ఒక్కడే గెలిస్తె ఏం బాగుంటది, కిషన్‌రావుకు తెలివి లేదు, జాతర దాక నల్లముసుగోన్నే గెలిపియ్యాలె, జాతర రోజు వీరమల్లు గెలవాలె, గప్పుడు డేరా చినుగుతది. ఇంకొకడంటడు, ఎవడు గెలుస్తడో ఎర్కనే గదరా, ఎట్ల గెలుస్తడో చూస్తందుకు పోతున్నం. కంపిని వాళ్లది, డేరా వాళ్లది, ఎవడు గెలవాలెనో చెప్పేది మాత్రం మనోళ్లు. కల్లు మండువకాడ గిదే, బావికాడ గిదే. మంగలి సాయన్న ఎగురుడు పార్టి, మన్ను పార్టోనికి సగం గడ్డం గీకి ఆపిండంట, ముందు వీరమల్లు గొప్పోడను, తర్వాత మిగిలిన సగం గీకుత అని.

ముదిరి ముదిరి ఇగ చావడిల కూసున్నరు. మన్ను పార్టోళ్లు ఒక మాటకొచ్చిండ్రు. కంపినోడొకడు మన గోదల, మనం కుస్తి పట్టే మన్నుల దిగాలె, జాతర రోజు, అందరు చూస్తుండంగ, మన పోశెట్టితోని పట్టాలె. కంపినోడు గెలిస్తె జాతర అయిపోయినంక గూడ డేరా ఉండనియ్యి, ఏటేటా రానియ్యి. ఓడితె తెల్లారి బండ్లు కట్టాలె, ఈ సుట్టు పన్నెండూర్లల్ల మల్ల డేరా ఎయ్యొద్దు. పోశెట్టి అంటె అప్పుడు ఇరవై రెండేండ్లోడు, మన తాలీంల కుస్తి నేర్చినోళ్లల్ల వాన్ని మించినోడు లేడు. జాతర అయినంక పెండ్లి గూడ ఖాయమైంది, పందిరికి గుంజలు కొట్టి పెట్టిండ్రు. కిషన్‌రావు తెల్లమొఖం ఏసిండంట. వీరమల్లుకు దుంకుడు ఒచ్చు గని పట్టు రాదు, ఆయనకు ఎర్కనే. కాదంటె అబద్ధాలోడు అయితడు, అవునంటె పన్నెండూర్లు పోతయి. పన్నెండూర్లు పోతె కొత్త కంపిని, ఇంకేముంది, మునుగుతది. ఆరు కొంపలు ఆ నాలుగు బండ్ల మీదనే బతుకుతున్నయి. జోడు కట్టేది ఈరప్ప గద, ఎవన్ని దించాల్నో ఈరప్పనే చెప్పాలె అన్నరు.

ఈరప్ప అప్పటిదాక డేరాల అడుగువెట్టలేదు. అది కుస్తేనా అని ఉమ్మేస్తుండె. ఇప్పుడు తప్పలేదు, పోయిండు, ముందట్ల కూసున్నడు. అందరు వీరమల్లును చూస్తున్నరు, ఈరప్ప కండ్లు మాత్రం సిద్రాములు మీద వడ్డయి. ఏం చూసిండంటె, వీరమల్లు పైకెల్లి దుంకినప్పుడల్ల సిద్రాములు చెయ్యి ముందుగాలనే లేస్తుంది. వాని నడుం కింద ఒక చెయ్యి, మెడ కింద ఒక చెయ్యి, ఎవనికి కనవడకుంట. చంటిపిల్లను పండవెట్టినట్టు వాన్ని కిందికి దించుతడు, తను మాత్రం దబ్బున వడ్తడు. చెప్పులు మల్ల తనకే. తెల్లారి బావికాడికి పోతె సిద్రాములు ముసుగు పిండి ఆరేస్తున్నడు. ఈరప్ప పోయి మణికట్టు పట్టుకున్నడు. పట్టుకొని చాన సేపు ఇడవలేదు. గీ చెయ్యి పెట్టుకొని రోజు ఓడుతున్నవా అన్నడు. సిద్రాములు నవ్విండు. ఓడుడే నా పని మామ, వాడు పైకెల్లి వస్తడు, నేను సరిగ పట్టకపోతె వాని నడుం ఇరుగుతది, వానికి నడుమిరిగితె పెండ్లాంపిల్లలకు ఎవడు పెడ్తడు. అయితె మరి చప్పట్లు వానికే గద అన్నడు ఈరప్ప. కొట్టనియ్యి మామ, వాడు లేస్తనే గద కొట్టేది, వాడు లేచిండంటె నేను మంచిగ పట్టినట్టు. ఈరప్ప ఇగ చెయ్యి ఇడిచిండు. జాతరనాడు ముసుగు తీసి రా, పోశెట్టికి నిన్నే కడ్త అన్నడు.

జాతర వచ్చింది. కొబ్బరికాయ కుస్తీలు అయినయి, నడిమి కుస్తీలు అయినయి. గోద సుట్టు మనుషులు, మిద్దెల మీద ఆడోళ్లు, అప్పట్ల మనల్ని గోద దగ్గరికి రానిస్తుండ్రా, ఇప్పుడు మాత్రం రానిస్తున్నరా. ఈరప్ప సిద్రాములు చెయ్యి, పోశెట్టి చెయ్యి కలిపి ఎత్తంగనే ఎగురుడు పార్టోళ్లు గూడ మొత్తుకున్నరంట, రోజు ఓడేటోన్ని తెచ్చి కడ్తవా, వీరమల్లు ఏడి అని. ఈరప్ప చేతులు ఇడిచి పక్కకు జరిగిండు. మొదలైంది అనుకో. ఒకల మెడ ఒకలు పట్టుకున్నరు. పోశెట్టి తోస్తడు, సిద్రాములు కదలడు. సిద్రాములు గుంజుతడు, పోశెట్టి కదలడు. ఎండ మీదికెక్కింది, చెమటకు మన్ను బురద అయింది. లొల్లి చేసేటోళ్లు ఒక్కొక్కరే ఊకున్నరు. మన్ను పార్టోళ్లు చూస్తున్నరు, గిది కుస్తి, గిది మన కుస్తి, కంపినోనికి ఎట్ల ఒచ్చు అని. ఎగురుడు పార్టోళ్లు చూస్తున్నరు, నిద్ర ఎవనికి రాలేదు. పోశెట్టికి సగం కుస్తిలనే తెలిసిపోయిందంట, వీడు నాకంటె ఒక పట్టు ఎక్కువ నేర్చినోడు అని.

ఇగ విను. సిద్రాములు వంగిండు, పోశెట్టి నడుం దొరికింది, లేపిండు. లేపి ఏసిండు. ఏసెటప్పుడు పోశెట్టి బురదల కాలు జారి అడ్డం తిరిగిండు, తలకాయ కిందికి అయింది, కాళ్లు పైకి అయినయి. ఎడ్లబండి నుంచి బస్త జారితె ఎట్ల వడ్తదో గట్ల, మెడ మీద వడాలె. మిద్దె మీద పోశెట్టి తల్లి కండ్లు మూసుకుందంట. అప్పుడు సిద్రాములు చెయ్యి పోయింది. ఆ మెడ కిందికి, ఆ భుజం కిందికి పోయింది. పోశెట్టి వడ్డడు గని చెయ్యి మీద వడ్డడు. కుడి భుజం మన్నుకు అంటింది, ఎడమ భుజం అంటలేదు. సిద్రాములు చెయ్యేమో కింద ఇరుక్కుంది. పోశెట్టి పయిల్వాన్ గద, ఒళ్లే తిరుగుతది, ఆలోచన గిట్ల ఏం లేదు, అట్లనే మర్లవడి సిద్రాములును మన్నుకు ఒత్తిండు. డప్పులు మోగినయి.

ఈరప్ప గోదల దిగిండు. పోశెట్టి వీపు చూసిండు, కుడి దిక్కు మన్ను, ఎడమ దిక్కు ఒట్టి చెమట. సిద్రాములు వీపు చూసిండు, రెండు దిక్కుల మన్ను. ఇగ చెప్పేదేముంది, కళ్లముందట ఉన్నది. పోశెట్టి గెలిచిండు అన్నడు. పోశెట్టి అట్లనే కూసున్నడు, మెడ తడుముకుంటున్నడు. ఇగ పోశెట్టే సిద్రాములు చెయ్యి పట్టి తిప్పిండు. వెనుక దిక్కు తోలు లేసింది, నెత్తురు, నెత్తుట్ల మన్ను. చెయ్యెందుకు పెట్టినవన్నా, గెలిచినవు గద, ఇడిచిపెడితె అయిపోయె గద అన్నడు. సిద్రాములు చెయ్యి దిక్కు చూసుకున్నడు, వేరెవరిదో చూసినట్టు. నేను పెట్టలేదు తమ్మి, అదే పోయింది అన్నడు.

తెల్లారి బండ్లు కట్టిండ్రు. మాట మాటే గద. కిషన్‌రావు గని వీరమల్లు గని సిద్రాములును ఒక్క మాట అనలేదంట, వీరమల్లే వాని చేతికి పసుపు పెట్టి గుడ్డ కట్టిండు. ఊరంత బాటకు అటిటు నిలవడ్డది, రెండు పార్టీలు. ఉండుండ్రి అని ఒక్కడు అనలేదు. అందామని మాత్రం అందరికి ఉంది. గెలిచినోళ్లు ఎందుకు గెలిచినమా అన్నట్టు నిలవడ్డరు. పోశెట్టి కడెం తీసి ఇయ్యబోతె సిద్రాములు తీసుకోలేదు, నీ వీపుకు మన్ను సగమే ఉండె తమ్మి, అది నీదే అన్నడు. మరుసటేడు మనోళ్లే బండి కట్టుకొని పన్నెండూర్లు దాటి దేవులాడిండ్రు. ఆ కంపిని గోదావరి దాటిందన్నోడు ఉన్నడు, ఇరిగిపోయిందన్నోడు ఉన్నడు. దొరకలేదు.

అప్పటికెల్లి పోశెట్టి ఒక పద్ధతి పెట్టిండు. మీరు చూస్తలేరా, మన జాతరల కుస్తి అయినంక వీపు చూస్తరు, తర్వాత చేతుల వెనుక గూడ తిప్పి చూస్తరు. పక్కూరోళ్లు నవ్వుతరు, గిదేం లెక్కనయ్య అని. అవతలోని మెడ కింద చెయ్యి పెట్టి ఎవడన్న వెనుక దిక్కు మన్నంటిచ్చుకుంటె, ఓడినా సరే, వానికో కొబ్బరికాయ. కొన్నేండ్లు ఎవనికి రాదు, ఆ కాయ అట్లనే గోద గట్టు మీద ఉంటది, ఎవరు ముట్టరు. ఈరప్ప మాత్రం ఆ ఏడే జోడు కట్టుడు ఇడిసిండు. ముప్పై ఏండ్లల్ల ఒక్క తప్పు జోడు కట్టిన అంటుండెనంట, బలం సమానమే గని ఒకడు గెల్వనీకి వచ్చిండు, ఇంకొకనికి గెలుచుడు చేతుల్నే లేదు, అది మణికట్టు ఒత్తితె నాకు తెల్వలే. ఎగురుడు పార్టోళ్లు ఇప్పటికి ఒప్పుకోరు, అది సరైన జోడే అంటరు. ఇంకొకడైతె అది గూడ కంపినోళ్లు ముందుగాల అనుకున్నదే అంటడు, వానికి నేనేం చెప్పాలె, కంపిని మునిగేటట్టు ఎవడన్న అనుకుంటడా.

మా ఇంట్ల గూడ రెండు పార్టీలే. మా ఆయన మన్ను పార్టి, పోశెట్టి మనుమడు గద, మా తాత గెలిచిండు అని మీసం తిప్పుతడు. తిప్పనియ్యి. జాతర అయిన పదో నాడు ఆ పందిట్లనే పోశెట్టి పెండ్లి అయింది. ఆ చెయ్యి అడ్డం రాకపోతె ఆ గుంజలతోనే పాడె కడుతుండ్రి. పెండ్లి లేదు, మా మామ లేడు, మీసం తిప్పనీకి మా ఆయన లేడు, ఈ ఆకు చేటల ఒంటికి పోసిన నా మనుమడు లేడు. నేను ఏ పార్టి అని అడుగుతరు మీరు. నేను ఆ చెయ్యి పార్టి. ఇగ తియ్యుండ్రి, తడిసిన ఆకు పక్కకు వెట్టుండ్రి.