తడి తొక్కల లారీ

పళ్లరసం ఫ్యాక్టరీ తరఫున లెక్కలు చూడటానికి వచ్చిన అమ్మాయి, పాల పాక యజమాని గేటు దగ్గర మాట్లాడుకుంటున్నారు.

“లోపలికెందుకమ్మా, అంతా బురద. ఇక్కడే అడుగు, చెప్తా.”

“ఆవుల్ని ఒక్కసారి చూసి పోతాను బాబాయ్. మేం పంపే తొక్కలూ పిప్పీ ఎంత తింటున్నాయో తెలియాలి కదా.”

“తింటున్నాయి. బాగా తింటున్నాయి.”

“బాగా అంటే?”

“బాగా అంటే... మిగల్చవు. అయినా ఈ లెక్క దేనికసలు? పారేసేదే కదా, పశువుల కడుపులోకి పోతే మంచిదేగా?”

“మంచిదే. కానీ లారీ ఇంత దూరం రావాలి, పోవాలి. ఆ డీజిలూ పొగా పోను నిజంగా మేలు మిగులుతోందా అని చూడమన్నారు. లేదంటే ఫ్యాక్టరీలోనే గ్యాస్ ప్లాంటు పెట్టి అందులో వేసేస్తారు.”

“అప్పుడు లారీ?”

“ఇటు రాదు.”

“అసలు రాదా?”

“ఇంకెందుకొస్తుంది బాబాయ్? అదేంటి, ఇంత పులిసిన వాసన?”

“తొక్కలన్నాక పులవవా మరి. టీ తాగుతావా? పాలు నిండుకున్నాయి, డికాషనే.”

“పాల పాకలో పాలు లేవా?”

“పొద్దున్నే పోసేశా, అందరికీ.”

“బాబాయ్, గేటు తాళం తియ్యండి.”

“చెప్పాగా, బురదని.”

“ఫరవాలేదు, తియ్యండి.”

“సరే. చూసుకో.”

“ఇదేంటి, పాకంతా ఖాళీ! తొట్లో బూజు పట్టింది.”

“అమ్మేశానమ్మా. నడుం వంగట్లేదు, పాలు పితకలేను. వానలకి ముందే చివరిది కూడా పోయింది.”

“మరి రోజూ దింపుకుంటున్న తొక్కలు?”

“గేటు దగ్గర దింపింది కొంచెం కొంచెంగా తోపుడు బండిలో తోసుకెళ్లి పాక వెనక గోతిలో పోస్తున్నా.”

“అలా గోతిలో కుళ్లబెడితే పొగకంటే పాడు గ్యాస్ వస్తుంది. వద్దని ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్?”

“చెబుదామనే అనుకుంటా. రోజూ అనుకుంటా. లారీ ఆపగానే ఆ డ్రైవరు ‘ఏం బావా, బతికే ఉన్నావా’ అంటాడు. నేనూ ఓ మాట అంటా. దింపుడయ్యేదాకా కూర్చుంటాం. వాళ్లావిడ పోయాక తనే వండుకుంటున్నాడు. ఏం మాడబెట్టాడో చెప్తాడు, ఇద్దరం నవ్వుకుంటాం. లారీ వెళ్లిపోయాక నేను మళ్లీ నోరు తెరిచేది మర్నాడే.”

“ఆవులు లేవని ఆయనకి తెలీదా?”

“గేటు దాటనివ్వను. కొత్తవాళ్లని చూస్తే బెదిరి పాలివ్వవని చెప్తా. నమ్మాడు పాపం. నువ్వు ఇదంతా రాసేస్తావా?”

“రాయక తప్పదు బాబాయ్.”

“రాసుకో తల్లీ, నీ ఉద్యోగం అది. ఒక్కటే, ఇన్నాళ్లూ అబద్ధమాడానని అతనికి మాత్రం చెప్పకు. మనసు కష్టపెట్టుకుంటాడు.”

“నిన్న ఫ్యాక్టరీలో ఆయనే నా దగ్గరికొచ్చాడు బాబాయ్, పిలవకుండానే. మీకు ఎనిమిది ఆవులున్నాయన్నాడు. చుక్కావు మొన్ననే ఈనిందట, దూడని తనే చేతుల్లోకి తీసుకున్నాడట. అలాగే రాసేసుకోమ్మా, అంత దూరం వెళ్లి చూసే పనే లేదన్నాడు.”