ముందు చేరిన రెండు

రాజోలులో లెక్కల మేష్టారి గేటుకి ట్యూషను బోర్డు ఉంది. దాని మీద ‘ఫోను: 33331. ఇది ప్రధాన సంఖ్య’ అని రాయించారు. ఫోను నెంబర్లన్నిటికీ ముందు రెండు చేరిన నెలకి పెయింటరు డబ్బా పట్టుకుని వచ్చాడు.

“రెండు పెట్టేసేనండి, 233331. మరి ‘ప్రధాన సంఖ్య’ చెరిపెయ్యమంటారా మేష్టారూ?”

“ఎందుకురా? నూట ఎనభై ఒకటి దాకా భాగించి చూసేను. దేంతోనూ పోలేదు.”

“అది పాతదండి. ఇది మూడుతో పోతందండి.”

“పోదు.”

“అంకెలు కూడితే పదిహేనండి. మూడుతో భాగిస్తే వరసగా అయిదు ఏడులొత్తన్నాయండి.”

“ఒరేయ్, పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పేవు. నీకెలా తెలిసింది?”

“ఖాళీగా ఉండి చేసేనండి.”

“అబద్ధం.”

“ఆయ్. మా అమ్మాయి చెప్పిందండి. మీ ట్యూషను పిల్లలంతా చేసేరంటండి.”

“నాకెవరూ చెప్పలేదే?”

“మీరు చిన్నబుచ్చుకుంటారని మానేసేరంటండి. నన్ను కూడా, నేనే కనిపెట్టినట్టు చెప్పమందండి.”

“ఎప్పుడు చేసేరంట?”

“రెండు చేరిన రోజేనండి.”

“మూడుతో పోతుందో లేదో ఎలా చూడాలో మొన్నే వాళ్ళకి గంటసేపు చెప్పేను కదరా.”

“ఆయ్. చెప్పేరంటండి.”

“నెల్లాళ్ళబట్టీ ఈ గేటు దగ్గర నవ్వుకుంటున్నారన్నమాట.”

“నవ్వట్లేదండి. అదే కష్టంగా ఉందంటండి.”