అద్దం మీద చెంబు నీళ్లు

నా పేరు, ఇంటి నంబరు మీ కానిస్టేబుల్ పైన రాసుకున్నాడు. పని దగ్గర ఆ పేరుతో ఎవరూ పిలవరు, పాలిష్ మేస్త్రి అంటారు. వయసు యాభై నాలుగు. కార్లకు పాలిష్ పట్టడం, రంగు మెరుపు పోకుండా పైన సీలెంట్ అనే మందు వెయ్యడం నా వృత్తి. ఇరవై ఆరేళ్లుగా ఒకే యజమాని దగ్గర ఉన్నాను. ఈ రోజు బుధవారం, ఉదయం పదకొండు గంటలకు స్టేషన్‌లో ఎస్సైగారి ఎదుట కూర్చుని చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. టీ ఇచ్చారు. మీరు టీ అన్నారు కాబట్టి టీ అనే రాసుకోండి.

నిన్న ఉదయం తొమ్మిది నలభైకి నర్సమ్మ తన తెల్ల కారు తెచ్చి వదిలింది. నర్సమ్మ అంటే మా పేటలో కాన్పులు చేసే ఆవిడ. ఎవరింటి నుంచి కబురొచ్చినా ఆ కారులోనే వెళ్తుంది. "సాయంత్రానికి ఇచ్చెయ్ నాయనా, ఈ వారం ఇద్దరున్నారు" అంది. రంగుకు సీలెంట్ వెయ్యమంది. రంగుకు అంది సార్, అద్దానికి అనలేదు.

ఇక అల్లుడుగారి సంగతి. బయట బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడే, ఆయనే. మా యజమాని కూతురి మొగుడు. మూడు నెలల కిందట పెళ్లయింది, రెండు నెలల కిందట మా నెత్తిన సూపర్‌వైజరుగా కూర్చున్నాడు. పనంతా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. ఈత కూడా అలాగే నేర్చుకుని ఉంటాడు.

పదింబావుకి నేను కారు కడిగి, ఆరబెట్టి, టేపు అంటించడం మొదలుపెట్టాను. నల్ల ప్లాస్టిక్ పట్టీలు, తలుపుల రబ్బర్లు, అద్దాల అంచులు, వీటన్నిటికీ ముందు టేపు వేస్తాను. రంగు మీద వేసే మందు వాటికి తగలకూడదు. అల్లుడుగారు వచ్చి నేను అంటించిన టేపు చర్రున లాగేశాడు.

"మేస్త్రీ, ఇంకా ఏ కాలంలో ఉన్నారు? ఇది అన్నిటికీ వెయ్యొచ్చు. ప్లాస్టిక్, రబ్బరు, అద్దం, అన్నీ."

"డబ్బా మీద రంగుకు మాత్రమే అని రాసుంది బాబూ."

"డబ్బా ఎవరు చదువుతారండీ ఈ రోజుల్లో!"

చిత్తం అన్నాను. గుడ్డ ఆయన చేతికిచ్చి పక్క కారు దగ్గరికి పోయాను. తగుదునమ్మా అని మొత్తం తనే వెలగబెట్టాడు. డ్రైవరు ఎదురుగా ఉండే ముందరి అద్దానికి పూశాడు. వైపర్ల రబ్బరుకి కూడా పూశాడు సార్! మధ్యాహ్నానికి నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు తేలాయి, పెరుగు ఒలికి ఎండినట్టు. తలుపు తీస్తే రబ్బరు జిగురుగా అంటుకుంది. ఆయన మాత్రం నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. "మెరుపు చూశారా?" అని నన్నే అడిగాడు. చూశానన్నాను.

నాకో అలవాటుంది, అది మీరు రాసుకోవాలి. ఏ కారైనా బయటికి పంపేటప్పుడు ముందరి అద్దం మీద చెంబుడు నీళ్లు పోస్తాను. లోపల కూర్చుని వైపర్ మూడుసార్లు తిప్పుతాను. ఎదురు షాపు బోర్డు మీద అక్షరాలు చదవగలిగితేనే తాళం నా చేత్తో ఇస్తాను. ఇరవై ఆరేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. వచ్చేవాళ్లందరికీ ఇది తెలుసు.

నిన్న మూడు యాభైకి చెంబు పోశాను. వైపర్ కిర్రుకిర్రుమంటూ అద్దం మీద ఎగిరెగిరి పడింది. అద్దమంతా పొగమంచు కమ్మినట్టు మసకబారింది. బోర్డు ఉందని తెలుస్తోంది గానీ ఒక్క అక్షరం కనబడలేదు. స్పిరిట్ సీసా అలమరలోనే ఉంది. పావుగంట తుడిస్తే పోయేది. తుడవలేదు.

ఎందుకు తుడవలేదని అడిగారు. నాకప్పుడు నవ్వొచ్చింది సార్. ఆకాశం నల్లగా ఉంది. నాలుగు చినుకులు పడితే నర్సమ్మ సందు చివరి నుంచే వెనక్కొస్తుంది, మామగారి ముందే వీడి దుమ్ము దులుపుతుంది, చూసి కడుపు చల్లబడుతుంది అనుకున్నాను. రెండు నెలలుగా ఒళ్లు మండిపోయి ఉన్నాను.

నాలుగు ఇరవైకి నర్సమ్మ వచ్చింది. "చెంబు పోశావా నాయనా?" అంది. ప్రతిసారీ అడుగుతుంది. "పోశానమ్మా" అన్నాను. అబద్ధం కాదు, పోశాను. ఏం కనబడిందో ఆవిడ అడగలేదు. తాళం ఆవిడ కుడిచేతిలో పెట్టాను.

నాలుగు నలభైకి వాన మొదలైంది. నేను గుమ్మంలో నిలబడి సందు చివరికే చూస్తున్నాను. కారు రాలేదు. బస్టాండు మలుపులో కరెంటు స్తంభాన్ని గుద్దిందని ఐదున్నరకి కబురొచ్చింది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆరింటికి ఆసుపత్రికి వెళ్లాను. నన్ను తిట్టలేదు. "చినుకులు పడగానే ఆపుదామనుకున్నా నాయనా. నువ్వు చెంబు పోశావు కదా, ఇప్పుడే తేటపడుతుందిలే అని పోనిచ్చా" అంది. కట్టు మోచేతి దాకా ఉంది. ఆ చెయ్యి మళ్లీ కాన్పు చెయ్యగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. మా పెద్దదాన్నీ, చిన్నదాన్నీ ఆ చేత్తోనే బయటికి తీసింది.

పొద్దున అల్లుడుగారు, "మేస్త్రి చెప్పినా నేను వినలేదు, తప్పంతా నాదే" అని మీకు చెప్పాడట. ఏ వీడియోలోనూ లేని పని ఒక్కటి చేశాడు. కేసు అతనొక్కడి మీదే కడతామన్నారు. అలా కట్టకండి. అతను వెధవపని చేశాడు, తెలియక చేశాడు. నేను లోపల కూర్చుని, మూడుసార్లు వైపర్ తిప్పి చూసి, తాళం ఇచ్చాను. వాణ్ణి చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు నా మొహం చూసి నాకే అసహ్యమేస్తోంది.

రాసింది నాకు చదివి వినిపించారు. ఒకచోట "అద్దం సంగతి మేస్త్రి గమనించలేదు" అని ఉంది. అది కొట్టేయించి "చూశాడు" అని రాయించాను. మిగతాదంతా నా నోటి మాటే, నిజమే. వేలిముద్ర అడిగారు. పాలిష్ పట్టి పట్టి బొటనవేలి గీతలు అరిగిపోయాయి, ముద్ర మచ్చలా పడింది. అందుకని పక్కన సంతకం కూడా పెడుతున్నాను.

(వేలిముద్ర)
(సంతకం)