బస్సు దిగిన నర్సమ్మ

వద్దు అయివారూ, ఆ కత ఇంక పిల్లకాయలకు చెప్పొద్దు. మీకు దండం పెడతా. కుర్చీ కూడా వద్దు, నిలబడే మాట్లాడతా. కూర్చుంటే మీరు మంచినీళ్ళిస్తారు, నీళ్ళు తాగితే నా కోపం చల్లారిపోతాది. ఈ పొద్దు చల్లారకూడదు.

పొద్దున ఏమైందో తెలుసునా? మీ మూడో తరగతి పిల్లకాయలు నా సబ్ సెంటరు ముందర వరసగా నిలబడినారు. "ఏంరా, సూది వేయించుకుంటారా?" అన్నా. ఒక్కడన్నా పారిపోలేదు! సూది మాట వింటే ఊరు దాటే పిల్లకాయలు! ఒక బుడ్డోడు ముందుకొచ్చి, చామంతి పువ్వు నా చేతిలో పెట్టి, "త్యాగమంటే నువ్వేనంట గదా నర్సమ్మా, అయివారు సెప్పినాడు" అంటాడు.

నేనేం చెప్పాల వానికి?

మీరు చెప్పిన కతంతా మాట పొల్లుపోకుండా అప్పజెప్పినాడు. మన ఊరి నర్సు ఆనందమ్మ తిరుపతికి క్లాసులకు పోతా ఉండిందంట. దోవలో నొప్పులు పడే ఆడమనిషిని చూసి బస్సు దిగిందంట. తన సీటు చెల్లెలు లాంటి పంకజాక్షికి ఇచ్చేసిందంట. చదువు కంటే ప్రాణం గొప్పదనిందంట. ఎవరనింది? నేనా? ఆ మాట నేనెప్పుడంటిని అయివారూ? కత రక్తి కట్టాలని మీరే అతికించినారు గదా!

ఇప్పుడు దాన్ని నాటకం కట్టి, స్కూలు వార్షికోత్సవంలో మా సెంటర్లకు పైన ఉండే డాక్టరుగారి ముందర ఆడిస్తారంట. నవ్వుతారేంది? అణకువతో వద్దంటాండా అనుకుంటిరా? కాదు. అది జరిగిన కత కాదు. అందుకని వద్దంటాండా.

మొదట్నుంచీ వినండి. మీకు తెలిసిందే అయినా వినండి, మీకు తెలిసింది సగమే.

నాకు ఈ చదువు పిచ్చి యాడ పట్టుకునిందో ఎప్పుడన్నా అడిగినారా? కాన్పయినాక రక్తం ఆగని మనిషిని ఒకసారి జీపులో ఒళ్ళో పండుకోబెట్టుకోని పెద్దాసుపత్రికి తీసకపోయినా. రక్తం ఆగేదానికి దోవ పొడుగునా ఆమె పొత్తికడుపు పిసుకుతానే ఉండా. చేతులు తిమ్మిరెక్కి నావి కానట్ల అయిపోయినాయి. వాకిట్లో తల మీద తెల్ల టోపీ పెట్టుకున్న స్టాఫ్ నర్సు ఎదురొచ్చి, "నువ్వు ఏఎన్ఎమ్మా, పల్లె నర్సువా? బయటుండు" అని తలుపు మూసింది. ఆమె తప్పేం లేదు, అది వాళ్ళ పద్ధతి. లోపల ఆ మనిషి బతికిందో పోయిందో తెలీక నేను సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్నా.

బతికిందిలెండి. కానీ నేను ఆ తలుపుకు ఇవతలే ఉండిపోయినా. అవతల ఉండాల. నా కోరిక అంతే. టోపీ కాదు, జీతం కాదు.

అప్పుడే గదా పేపర్లో రెండు ప్రకటనలు పట్టుకోని మీ దగ్గరికొచ్చింది? ఒకటి యాడో ఉత్తరాదిది. ఇంట్లో కూర్చోని ఆరు నెలల్లో నర్సు అయిపోవచ్చు, సర్టిఫికెట్టు పోస్టులో పంపిస్తాం అని. ఇంకోటి ఇంటరు పాఠాలు పోస్టులో వచ్చేది. రెండేండ్లు ఇంట్లో చదవాల, తిరుపతిలో పది దినాలు క్లాసులకు పోవాల, పరీక్ష పాసు కావాల. అప్పుడు డిపార్టుమెంటోళ్ళు మూడేండ్ల జనరల్ నర్సింగుకు పంపిస్తారు. అదీ అయినాక నర్సింగు కౌన్సిల్లో పేరెక్కితే స్టాఫ్ నర్సు.

ఏది కట్టాల అయివారూ అంటే, సూటిగా చెప్పినారా మీరు? కత చెప్పినారు! ఒకాయన సంతలో కాయలుండే మామిడి మొక్క కొన్నాడంట. ఇంటికొచ్చి చూస్తే కాయలు దారంతో కట్టినవంట. "కౌన్సిలోళ్ళు దారం లాగి చూస్తారమ్మా" అన్నారు. నేను పొడుగు దోవే పట్టినా. అది మాత్రం మీరు మంచే చేసినారు, కాదనను.

తప్పు చేసింది నేను. ఎచ్చులకు పోయి పంకజాక్షికి చెప్పినా.

పక్కన గడ్డపల్లె సబ్ సెంటరుకు వచ్చిన కొత్తలో అది నన్ను చూసి భయపడతా ఉండె. కాన్పు కష్టమైతే మనిషిని పంపి నన్నే పిలిపిస్తా ఉండె. అట్లాంటి పిల్ల ముందర నేనేదో గొప్ప పని చేస్తాండానని చెప్పుకోవాలనిపించింది. అంతే! "అక్కా, నేనూ కడతా, మనిద్దరం ఒకే చదువు చదువుదాం" అనింది. వద్దని ఎట్లనేది?

సాయంత్రాలు ఈ అరుగు మీదే గదా ఇద్దరికీ పాఠాలు చెప్తిరి. నాకు ఒక్కో లెక్క ఎక్కేసరికి నీరసమొచ్చేది. దానికి మీరు సగం చెప్పేలోపల మిగతా సగం వచ్చేసేది. పోస్టులో పంపిన జవాబులు దిద్దుకోని వస్తే, దాని కాగితం మీద 'చాలా బాగుంది' అని ఉండేది, నా కాగితం మీద 'మళ్ళీ ప్రయత్నించండి' అని. మీరన్నా గమ్మున ఉంటిరా? "చూడమ్మా ఆనందమ్మా, పంకజాక్షి ఎట్ల రాసిందో" అని తెచ్చి చూపిస్తిరి. ఎన్నిసార్లు చూపిస్తిరో మీకు గుర్తుండదు. నాకుంటాది.

చదువు ఒకటే అయితే పోనీ అనుకుందును. నా ఊర్లలో ఆడోళ్ళు కూడా, "ఆ సిన్న నర్సమ్మ రాదా ఈ దిక్కు? సూదేస్తే సీమ కుట్టినట్టు కూడా ఉండదంట" అనేది మొదలుపెట్టినారు. నా సూది ఇన్నేండ్లు దూలం మాదిరి ఉండిందా మరి?

సరే. తిరుపతి క్లాసులు వచ్చినాయి. వాటికి పోకుంటే పరీక్షకు కూర్చోనీరు. డాక్టరుగారు ఇద్దర్నీ పిలిచి, "ఒకరే పోండి. ఎవరి ఊర్లలో నెలలు నిండిన మనిషి ఉంటే వాళ్ళు ఈడే ఉండాల" అన్నాడు. న్యాయమైన మాటే. దాని ఊర్లలో ఎవరూ లేరు. నా ఊర్లో ఉండాది. మన కొత్తిండ్ల మునెమ్మ కోడలు, కుప్పమ్మ.

పంకజాక్షి ఈ ఏడు పోకుంటే వచ్చే ఏడు పోతాది. నాకు వచ్చే ఏడు లేదు అయివారూ! ట్రైనింగుకు వయసు దాటిపోతాది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలా. మీకు కూడా చెప్పలా.

రెండు దినాలు కూడు తినబుద్ధి కాలా. మూడో దినం ఒక ఆలోచన వచ్చింది. కుప్పమ్మ పుట్టిల్లు యాడ? గడ్డపల్లె. పంకజాక్షి ఊరు! ఆ పిల్ల పుట్టింటికి పోతే కాన్పు దాని లెక్కలోకి పోతాది. నేను తిరుపతికి పోవచ్చు. అర్థమవుతాండాదా?

కానీ అది రెండో కాన్పాయె. మొదటి కాన్పంటే పుట్టింట్లో, రెండోది అత్తగారింట్లో గదా మన దిక్కు. నేను మునెమ్మ ఇంటికి పోయి, మజ్జిగ తాగి, "కోడలు నీరసంగా ఉండాది, ఈసారి కూడా తల్లి దగ్గరికే పంపు" అన్నా. మునెమ్మ నోరు తెరిచి, "రెండో కానుపుకు పంపితే ఊర్లో నన్ను బతకనిస్తారామ్మా? కోడలికి సంగటి పెట్టలేక తరిమేసిందంటారు" అనింది. "నర్సమ్మ చెప్పిందని చెప్పు, పో" అన్నా. తెల్ల చీర కట్టుకోని చెప్తే ఆ మాటకు ఎదురుండదు గదా.

నీరసమేమీ లేదు. రాయి మాదిరి ఉండె ఆ పిల్ల.

ఇది మీ కతలో లేదు. ఉండాదా?

పోయే దినం, మన ఊరి దోవ కలిసే కూట్రోడ్డులో ఎక్కితే నిలబడి పోవాలని, తెల్లారే పలమనేరు దాకా ఎనక్కి పోయి, బస్సు నిలబడకముందే కిటికీలో నుంచి టవలు వేసి సీటు పట్టుకున్నా. పైన నా బ్యాగు. కిటికీ పక్క సీటు. ఎంత కుశాలగా ఉండిందో చెప్పలేను! పంకజాక్షి గడ్డపల్లెలో ఉంటాది, నేను తిరుపతిలో ఉంటా అని ఊరూరికీ ఒకసారి అనుకుంటా వచ్చినా.

కూట్రోడ్డులో బస్సు నిలబడింది. చూస్తే ఎడ్లు విప్పిన బండి, చుట్టూ జనం. కుప్పమ్మ! పుట్టింటికి పోతా ఉంటే దోవలోనే నొప్పులు మొదలైనాయి. బండి పక్కన పంకజాక్షి. ఎవరో కబురు చెప్పినట్లుండారు, ఎదురుకోలుకు వచ్చినట్ల చేతిలో కాన్పు సంచితో సిద్ధంగా ఉండాది.

అప్పటికి కూడా నేను దిగేదాన్ని కాదు. నిజం చెప్తాండా. అది ఉండాది గదా, చూసుకుంటాది అనుకున్నా. అప్పుడు వినిపించింది, కుప్పమ్మ గొంతు. "పంకజక్కా, నన్ను ఇడిసిపెట్టి పోవద్దక్కా" అని!

నెలనెలా కడుపు చూసింది నేను. ఎండలో వాళ్ళింటికి నడిచింది నేను. అక్క అదా?

ఎట్ల దిగినానో తెలీదు. జనాన్ని తోసుకోని పోయినా. పంకజాక్షి, పాపం, "అక్కా, ఇంకా టైముండాది. నేను చూసుకుంటా, నువ్వు పో, బస్సు పోతాది" అనింది. ఎంత మెత్తగా అనిందో! ఆ మెత్తదనానికే నాకు అగ్గి పుట్టింది. పక్కన కండక్టరు, "నర్సమ్మా, వస్తావా, రైట్ చెప్పేదా?" అని అరుస్తాండాడు. నేను దాని మొగం మీదే, "ఇది నా కేసు. నువ్వేంది చూసేది? అంత పెద్ద చదువరివి గదా, నువ్వే పో తిరుపతికి! సీటు ఖాళీగానే ఉండాది" అన్నా.

ఎత్తిపొడుపు అయివారూ అది! ఎవరన్నా అట్లంటే, ఏందక్కా అట్లంటావు అని కండ్లనీళ్ళు పెట్టుకుంటారు గదా? అది నా చేతులు పట్టుకోని, "నిజంగానా అక్కా?" అనింది.

కాదని ఒక్క మాట అనింటే అయిపోయేది. ఊరంతా చూస్తాండారు. రోషం. "నిజమే, పో" అన్నా.

పోయింది! సంచి నా చేతిలో పెట్టి, పరిగెత్తి బస్సెక్కింది. నా కిటికీలో దాని మొగం. నా టవలు ఊపింది!

బిడ్డ ఏడ్చేదాకా నాకు బస్సు మళ్ళీ గుర్తుకు రాలా. చుట్టూ ఆడోళ్ళు చీరలు అడ్డం పట్టినారు. ఆడబిడ్డ. బిడ్డ ఏడ్చినాక నేనూ ఏడ్చినా. సంతోషమనుకున్నారు అందరూ. బిడ్డకు నా పేరే పెట్టినారు, ఆనంద అని. ఏం ఒరిగింది? ఆ బిడ్డ పోయి నా బదులు ఆ తలుపు లోపల నిలబడతాదా?

నిన్న వచ్చింది పంకజాక్షి. కట్టుబట్టతో పోయింది గదా, పది దినాలూ నా బ్యాగులోని చీరలే కట్టుకునిందంట! నా చీరలు కట్టుకోని, నా సీట్లో కూర్చోని, నా చదువు చదువుకోని వచ్చింది. నా నెమలి రంగు చీరతో తిరుచానూరు గుడికి పోయి, నా పేరున అర్చన చేయించిందంట. అన్నీ ఉతికి, ఇస్త్రీ చేయించి తెచ్చింది. "రవికలు ఒదులైనాయక్కా, పక్కన కుట్లేసుకున్నా" అని నవ్వుతా చెప్పింది. మళ్ళీ కాళ్ళకు దండం! "నీ లాంటి మనిషి ఉంటాదా అక్కా" అని. ఏమన్నా నేను? "బాగా చదువుకోమ్మా" అన్నా. పండ్లు బిగబట్టుకోని అన్నా.

దాన్ని తిట్టేదానికి ఒక్క సాకు మిగల్చలేదు చూడండి. అదే నాకు మంట.

త్యాగం కాదు అయివారూ. కుళ్ళు. కుళ్ళుతో దిగినా. ఆ బుడ్డోనికి చెప్పండి, ఈ నర్సమ్మ పువ్వుకు తగింది కాదని. ఆ నాటకం మాత్రం డాక్టరుగారి ముందర...

ఏందీ?

మళ్ళీ చెప్పండి.

నా వయసు సంగతి మీకెట్ల తెలుసు? ...ఓ, స్కూలు పాసైన సర్టిఫికెట్టు మీ చేతులతోనే గదా కాపీ రాయించుకున్నా. మరచిపోయినా. అయితే దానికోసరమే ఆయన్ని పిలుస్తాండారా? నాటకం చూసి, మనసు కరిగి, వయసు ఈ ఒక్క ఏడు సడలించమని ఆయన పైకి రాస్తాడని? రాస్తాడంటారా? ముందు ఎవరికన్నా అట్ల రాసినారా?

...

ఆ నీళ్ళు ఇట్లియ్యండి. కూర్చుంటా.

చల్లగా ఉండాయి.

నేనిప్పుడు చెప్పిందంతా ఈ అరుగు దాటకూడదు అయివారూ. మునెమ్మ మాట, ఎత్తిపొడుపు మాట, ఏదీ. పంకజాక్షికైతే అసలు తెలీకూడదు. నమ్మిందాన్ని నమ్మనిద్దాం. ఆ చదువు కంటే ప్రాణం గొప్పదనే మాట ఉండాది చూడండి, దాన్ని రోంత గట్టిగా చెప్పించండి. డాక్టరుగారికి ఒక చెవి సరిగా వినపడదు.

పంకజాక్షి వేషానికి మాత్రం బాగా చదివే పిల్లను పెట్టొద్దు. ఎవర్నో ఒకర్ని పెట్టండి.

నా వేషం ఏడో తరగతి పిల్లకివ్వండి. నెమలి రంగు చీర నేనే తెచ్చిస్తా. రవిక కూడా సరిపోతాది. కుట్లేసి చిన్నది చేసింది గదా, నాకెట్లా పట్టదు.