పాపకెన్ని నెలలు?

ఆసుపత్రి నుంచి వచ్చి తాముండే సుపేలా బస్తీలో ఆటో దిగేసరికి అత్తకు కాళ్లు పీకుతున్నాయి. పాపను ఎత్తుకున్న కోడలు మాత్రం కదలకుండా నిలబడింది.

"ఆటోలో మన పక్కన కూర్చున్న దీదీకి అయిదు నెలలని ఎందుకు చెప్పేరత్తా? దీనికి ఎనిమిది కదా."

"ఎనిమిదంటే ఇంకా కూకోలేదేటని అడగదేటి? నిన్న ముగ్గురికి జవాబు చెప్పి ఏడిసినావు."

"అడగనీండి."

"డాక్టరూ అయిదే అన్నాడు కదే. మూడు నెలల ముందే పుట్టింది కాబట్టి ఆ మూడూ తీసేసి ఎదుగుదల చూడాలన్నాడు. నాను తప్పేటి చెప్పినాను?"

"డాక్టర్ తీసేస్తే తీసేయనీండి. కిలో బరువైనా లేని పిల్ల గాజుపెట్టెలో ఊపిరి కోసం కొట్టుకున్న నెలలత్తా అవి. మీరు కూడా తీసేస్తారా?"

అత్త కోడలి భుజానున్న ఆసుపత్రి సంచి తీసుకుని తన భుజాన వేసుకుంది.

"సర్లే, ఇకమీదట ఎనిమిదే చెప్తాను. ఆపైన ఎవరేటడిగినా జవాబు నాను చెప్పుకుంటాను. నువ్వు పాపనెత్తుకుని ముందెళ్లిపో."